పగిలిన బొమ్మ వెనక పనితనం

ఎండాకాలం వస్తే అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగా పోయే విజయవాడ రోడ్డు నిండా మామిడికాయల బండ్లే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి మారినప్పటి నుంచి నాకు ఆ సందడి మరీ దగ్గరైంది. మొన్నటి సీజన్లో నాలుగు రోజులు పొద్దున్నే వెళ్ళి ఫోటోలు తీశాను. బేనిషాన్, హిమాయత్, దసేరి, మల్లిక, తోతాపురి, పెద్ద రసాలు, చిన్న రసాలు... రకానికో ఫోటో, దాని కింద నాలుగు మాటలు, చివర్లో ఏ రకం ఎప్పుడు వస్తుందో చెప్పే పట్టిక. అంతా కలిపి ఒకే ఒక్క వెబ్ పేజీ. రంగులు మారే హంగులు, కదిలే అక్షరాలు ఏవీ పెట్టుకోలేదు.

ల్యాప్‌టాప్‌లో పన్నెండు బొమ్మలూ చక్కగా వచ్చాయి. సర్వర్‌లోకి ఎక్కించి ఫోన్‌లో తెరిస్తే ఏడే బాగున్నాయి. నాలుగు చోట్ల పగిలిన కాగితం గుర్తు. ఒక చోట హిమాయత్ పండు సగం వరకే ఉంది, కింది సగమంతా బూడిద రంగు. ఆ ఐదింటినీ సరిచేయడానికి ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. ఆ రోజు నేను చూసిన పనితనం గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను. బొమ్మలు కనబడుతున్నంతసేపూ అది మన కంటికి ఆనదు. పాడైన రోజునే తెలుస్తుంది, వెబ్‌ను కట్టినవాళ్ళు పాడవడం గురించి ఎంత ముందుగా ఆలోచించి పెట్టారో.

పేజీలో బొమ్మ పెట్టే ట్యాగ్ పేరు ఐఎంజీ. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మొజాయిక్ బ్రౌజర్ రాస్తున్న మార్క్ ఆండ్రీసెన్ 1993 ఫిబ్రవరి 25న దీన్ని ప్రతిపాదించాడు. దానికి తప్పనిసరిగా ఉండాల్సింది ఒక్కటే: బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా. ఇంతకన్నా మంచి పద్ధతులు ఉన్నాయని అప్పట్లో చాలామంది వాదించారు. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ కూడా వేరే దారి సూచించాడు. కానీ మొజాయిక్ ఆ ట్యాగ్‌తోనే బయటికి వచ్చింది, లోకం దాన్నే పట్టుకుంది. నాకు ఇందులో నచ్చేది, బొమ్మ పేజీ లోపల ఉండదు. పేజీలో ఉండేది చిరునామా మాత్రమే. పేజీ ముందు వస్తుంది, తర్వాత ఒక్కో బొమ్మ కోసం బ్రౌజర్ విడివిడిగా కబురు పంపుతుంది. ఒక బొమ్మ రాకపోతే ఆ ఒక్క గడి ఖాళీగా ఉంటుంది, మిగతా పదకొండు బొమ్మలూ రాతా చెక్కుచెదరవు. పెళ్ళి భోజనాల్లో ఒక కూర రావడం ఆలస్యమైతే బంతి మొత్తం ఆగదు కదా, అలాంటి ఏర్పాటు.

అందుకే బొమ్మ కనబడకపోతే మొదట అడగాల్సింది చిరునామా గురించి. తోతాపురి ఫోటో సంగతి క్షణంలో తేలింది. దాని చిరునామా నా ల్యాప్‌టాప్ సీ డ్రైవ్‌లోని ఫోల్డర్‌తో మొదలైంది. నా యంత్రంలో అది నిజమైన చిరునామానే. వేరేవాళ్ళ ఫోన్‌లో ఆ డ్రైవే లేదు. ఇంట్లోవాళ్ళతో ‘పెరట్లో బావి పక్కన ఉంది’ అంటే సరిపోతుంది, పోస్టు కవరు మీద అదే రాస్తే ఉత్తరం చేరదు.

చిరునామాలు రాసే పద్ధతిలోనూ ఒక అందం ఉంది. పెద్దఅంబర్‌పేట దగ్గర రింగురోడ్డు దిగినవాడికి అబ్దుల్లాపూర్‌మెట్ ‘ఇంకా ముందుకు’. చౌటుప్పల్ నుంచి వచ్చేవాడికీ ముందుకే, కాని దిక్కు వేరు. నిలబడ్డ చోటును బట్టి చెప్పే దారి ఒకటుంది, ఎవరికైనా ఒకేలా ఉండే పూర్తి చిరునామా ఒకటుంది. వెబ్‌లోనూ ఆ రెండూ ఉన్నాయి. ‘బొమ్మలు అనే ఫోల్డర్లో చూడు’ అన్నది నిలబడ్డ చోటి నుంచి చెప్పే దారి. రెండు చుక్కలు పెడితే ‘ఒక మెట్టు పైకెక్కి చూడు’ అని. మొదట్లోనే ఏటవాలు గీత పెడితే ‘ఊరి మొదటి నుంచి లెక్కపెట్టు’ అని. రెండు చుక్కలు, ఒక గీత. వీటితో ఎంత పెద్ద సైటులోనైనా దారి చెప్పవచ్చు. పైగా మొదటి పద్ధతిలో రాసిన పేజీని బొమ్మల ఫోల్డర్‌తో సహా ఎత్తి ఇంకో సర్వర్‌లో పెట్టినా దారులు చెడవు. నేనూ తోతాపురికి అలాగే రాశాను, వచ్చేసింది.

రెండోది దసేరి. పేజీలో పేరు చివర జేపీజీ అన్న మూడు అక్షరాలూ చిన్న ఏబీసీడీల్లో ఉన్నాయి. కెమెరా మాత్రం ఫైల్‌కి పెద్ద ఏబీసీడీలు పెట్టింది. విండోస్‌కి రెండూ ఒకటే, అందుకే ఇంట్లో కనబడింది. సర్వర్లలో ఎక్కువ భాగం నడిచేది లినక్స్ మీద. దానికి ఆ రెండూ వేరు వేరు పేర్లు. తెలుగువాళ్ళం ఇక్కడ తడబడటంలో ఆశ్చర్యం లేదు. మన లిపిలో పెద్ద ‘క’, చిన్న ‘క’ అని ఉండవు. అక్షరం ఒక్కటే. కంటికి ఒకేలా చదివించే రెండు రూపాలు యంత్రానికి రెండు సంఖ్యలని గుర్తుపెట్టుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. ఫైళ్ళ పేర్లన్నీ చిన్న ఏబీసీడీల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. విండోస్ పేరు చివరి భాగాన్ని దాచేస్తుంది కూడా, దాన్ని కనబడేలా మార్చుకోవాలి. లేకపోతే జేపీజీ పక్కన ఇంకో జేపీజీ చేరి కూర్చున్నా తెలియదు.

మూడోది నన్ను చాలాసేపు ఆపింది. అది బేనిషాన్ ఫోటో. ఫైల్‌కి తెలుగులోనే పేరు పెట్టాను. పెట్టకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన పండు పేరు మన అక్షరాల్లో రాసుకునే హక్కు వెబ్‌లో ఎప్పుడో వచ్చింది. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది. సర్వర్‌లో ఆ ఫైల్‌ని ఒకసారి సర్దుతూ ఫోన్ కీబోర్డుతో పేరు మళ్ళీ కొట్టాను. అప్పటి నుంచి లేదు. పేజీలో ఉన్నదీ ‘బేనిషాన్’, సర్వర్‌లో ఉన్నదీ ‘బేనిషాన్’. భూతద్దంలో పెట్టి చూసినా తేడా లేదు.

బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ అన్న భాగం తెరిచాను. పేజీ ఏయే బొమ్మను అడిగిందో, ఏ చిరునామాతో అడిగిందో, ఏ జవాబు వచ్చిందో వరసగా అక్కడ ఉంటుంది. ఇలాంటి పనిముట్టు ఒకప్పుడు బ్రౌజర్లో దొరికేది కాదు. 2006లో జో హెవిట్ ఫైర్‌ఫాక్స్ కోసం ఫైర్‌బగ్ చేశాక పేజీలు రాసేవాళ్ళ పని తీరే మారిపోయింది. ఇప్పుడు పెద్ద బ్రౌజర్లన్నిటిలోనూ దాని వారసులు ఉన్నాయి. జవాబు మూడంకెల సంఖ్యగా వస్తుంది. 2తో మొదలైతే కుదిరింది. 3తో మొదలైతే వేరే చోట చూడమనో, నీ దగ్గరున్నదే సరిపోతుందనో. 4తో మొదలైతే అడగడంలో ఏదో తేడా. 5తో మొదలైతే ఇచ్చేవాడి దగ్గర లోపం. మొదటి అంకె చూస్తే చాలు, తప్పు ఏ గట్టున ఉందో తెలుస్తుంది. నా బేనిషాన్‌కి వచ్చింది 404. ఆ పేరుతో ఇక్కడ ఏమీ లేదని దాని అర్థం. నేను తప్పుగా అడుగుతున్నానన్నమాట.

ఏం అడుగుతున్నానో అక్షరం అక్షరం చూశాను. వెబ్ చిరునామాలో తెలుగు అక్షరం అలాగే ప్రయాణం చేయదు. యూనికోడ్‌లోని మన ఒక్కో గుర్తు యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు అవుతుంది. ఒక్కో బైటు ఒక శాతం గుర్తు, రెండు అంకెలతో మొత్తం మూడు గుర్తులుగా మారుతుంది. బేనిషాన్ అన్న మాటలో బ, ఏత్వం, న, గుడి, ష, దీర్ఘం, న, పొల్లు కలిపి ఎనిమిది గుర్తులు. ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు బైట్లు, వాటికి 72 గుర్తులు. నా పేజీ అడుగుతున్న చిరునామాలో మాత్రం 81 ఉన్నాయి. చివర తొమ్మిది గుర్తులు ఎక్కువ. అవి ఒక కనబడని అక్షరానివి. పొల్లుతో ఆగిన హల్లు తర్వాతి హల్లుతో కలిసి ఒత్తుగా మారకుండా అడ్డుపెట్టే గుర్తు అది. వెడల్పు సున్నా. కొన్ని తెలుగు టైపింగ్ సాధనాలు మాట చివర పొల్లు వస్తే దాన్ని వాటంతటవే చేరుస్తాయి. నా ల్యాప్‌టాప్‌లోది చేర్చింది, ఫోన్‌లోది చేర్చలేదు. రెండు పేర్లు, ఒకే ముఖం.

ఆ 72కీ 81కీ తేడా దొరికినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. యూటీఎఫ్-8ను కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలో ఒక హోటల్లో రాత్రి భోజనం చేస్తూ, బల్ల మీది కాగితం మీద గీసుకున్నారు. ఒక గుర్తుకు ఎన్ని బైట్లో దాని మొదటి బైటే చెబుతుంది. తెలుగు అక్షరాల మొదటి బైటు విలువ 224. నా వెనక ఇంకో ఇద్దరున్నారని దాని అర్థం. వెనక వచ్చేవి మొదటి బైటు వేషం ఎప్పటికీ వేయలేవు, వాటి విలువల శ్రేణే వేరు. దారిలో ఒక బైటు పోయినా ఆ ఒక్క అక్షరమే చెడుతుంది, తర్వాతి అక్షరం దగ్గర మళ్ళీ వరస దొరుకుతుంది. తెలుగును మనసులో పెట్టుకుని ఆ రాత్రి ఎవరూ గీయలేదు. అయినా బాటసింగారంలో తీసిన మామిడిపండు ఫోటోకి తెలుగు పేరు పెట్టుకుని లోకంలో ఏ మూలకైనా పంపగలుగుతున్నాం.

నాలుగోది పట్టిక. అది ఫోటో కాదు, గీతలు అక్షరాలు ఉన్న బొమ్మ, పీఎన్‌జీ ఫైల్. దీనికి వచ్చిన జవాబు 200. అంటే ఫైల్ దొరికింది, ఇచ్చేశారు. అయినా తెరమీద పగిలిన గుర్తే. ఇక చిరునామాను వదిలి ఫైల్ కడుపులోకి చూడాలి.

ప్రతి పీఎన్‌జీ ఫైల్ ఎనిమిది సంఖ్యలతో మొదలవుతుంది: 137, 80, 78, 71, 13, 10, 26, 10. నేను చూసిన చిన్న పనుల్లో ఇంత ఆలోచించి చేసినది చాలా అరుదు. ముందు దీని పుట్టుక చెప్పాలి. అంతకుముందు వాడుకలో ఉన్న జిఫ్ రకం బొమ్మల్లోని కుదింపు పద్ధతి మీద పేటెంట్ ఉండేది. దానికి రుసుము అడగబోతున్నారని 1994 చివర్లో బయటపడింది. 1995 జనవరిలో థామస్ బౌటెల్ ఒక కొత్త రకానికి చిత్తుప్రతి రాశాడు. ఎక్కడెక్కడి వాళ్ళో చేతులు కలిపారు. 1996 అక్టోబరుకల్లా అది ప్రమాణంగా నిలబడింది. ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఎనిమిది సంఖ్యలు. మొదటిది 137. మామూలు ఇంగ్లీషు అక్షరాలన్నీ 127 లోపే అయిపోతాయి. బైటుకు ఏడు బిట్లే మోసే పాత దారుల్లో వెళ్తే ఎనిమిదో బిట్టు రాలిపోయి 137 కాస్తా 9 అవుతుంది. మొదటి అడుగులోనే దెబ్బ తెలిసిపోతుంది. పైగా ఇది అక్షరాల ఫైల్ అని ఏ ప్రోగ్రామూ పొరబడదు. తర్వాతి మూడూ పీ, ఎన్, జీ అన్న అక్షరాలు, మనిషి చదువుకోవడానికి. 13, 10 విండోస్‌లో పంక్తి ముగింపుకు వాడే జంట. 26 పాత డాస్‌లో ‘ఫైల్ అయిపోయింది’ అని చెప్పే గుర్తు. ఎవరైనా పొరబాటున బొమ్మను అక్షరాలుగా తెరమీద చూపించమంటే పిచ్చి గుర్తుల వాన కురవకుండా అక్కడే ఆపుతుంది. చివరి 10 యూనిక్స్ పంక్తి ముగింపు. ఫైళ్ళు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మారేటప్పుడు కొన్ని ప్రోగ్రాములు సాయం చేస్తున్నామనుకుని పంక్తి ముగింపులను మార్చేస్తాయి. 13, 10 జంటను ఒక్క 10గా మారిస్తే ఐదారు సంఖ్యల దగ్గర తెలుస్తుంది. ఒంటరి 10ని జంటగా మారిస్తే చివరి సంఖ్య దగ్గర తెలుస్తుంది. ఆ రోజుల్లో ఫైల్ ప్రయాణంలో తరచూ తగిలే దెబ్బలకు ఎనిమిది బైట్లలో కాపలా పెట్టారు.

నా పట్టికను బైట్లుగా చూపించే ప్రోగ్రాంలో తెరిచాను. 137, 80, 78, 71, 10, 26, 10. ఏడే ఉన్నాయి. 13 లేదు. ఆ ఒక్క ఫైల్‌ని విడిగా ఒక పాత ప్రోగ్రాంతో పంపాను. అందులో ‘అక్షరాల ఫైల్’ అన్న ఎంపిక అలాగే ఉండిపోయింది. పీఎన్‌జీ రూపకర్తలు ఊహించిన దెబ్బ సరిగ్గా వాళ్ళు కాపలా పెట్టిన చోటే తగిలింది. ఎంపిక మార్చి మళ్ళీ పంపితే పట్టిక నిలబడింది.

ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. పీఎన్‌జీ లోపల సమాచారం ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ప్రతి ముక్కకీ నాలుగక్షరాల పేరు. మొదటి అక్షరం పెద్ద ఏబీసీడీ అయితే ఆ ముక్క తప్పనిసరి, అర్థం కాకపోతే బొమ్మ చూపకూడదు. చిన్న ఏబీసీడీ అయితే ఐచ్ఛికం, అర్థం కాకపోతే దాటి వెళ్ళవచ్చు. దసేరి దగ్గర నన్ను ఇబ్బంది పెట్టిన పెద్ద చిన్న అక్షరాల తేడానే ఇక్కడ పనిముట్టుగా వాడుకున్నారు. అందువల్లే రేపు పుట్టబోయే కొత్త ఐచ్ఛిక ముక్కలున్న బొమ్మను నిన్నటి ప్రోగ్రాం కూడా తెరవగలదు. ప్రతి ముక్క చివరా సరిచూసుకునే సంఖ్య ఒకటి ఉంటుంది, బస్తా మూతి మీద తూకం చీటీలాగా.

ఇక మిగిలింది సగం హిమాయత్. ఇది జేపీజీ ఫోటో. పైభాగంలో పండు భుజం, దాని మీద పొద్దుటి వెలుగు, పక్కన ఎవరిదో చెయ్యి స్పష్టంగా ఉన్నాయి. కింద బూడిద రంగు. పంపుతుండగా సిగ్నల్ తెగింది, ఫైల్ సగమే చేరింది. జేపీజీ 255, 216 అన్న జంటతో మొదలై 255, 217తో ముగియాలి. నా ఫైల్ చివర ఆ ముగింపు లేదు. అయినా వచ్చినంత మేరకు చూపించింది కదా, అది ఎలా సాధ్యమైందో చూద్దాం.

జేపీజీ ఫోటోను ఎనిమిదికి ఎనిమిది చుక్కల చిన్న గడులుగా కోస్తుంది, గడికి 64 చుక్కలు. మామూలుగా పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి వరసగా ఒక్కో గడినీ రాసుకుంటూ పోతుంది. అందుకే సగంలో తెగిన ఫైల్లో పై సగం నిక్షేపంగా ఉంటుంది. ఒక్కో గడిలోనూ 64 చుక్కల వెలుగుల బదులు 64 అలల పాళ్ళను రాస్తుంది. మొదటి సంఖ్య గడి మొత్తం సగటు వెలుగు. తర్వాతివి మెల్లని అలలు, ఆ తర్వాత వేగమైన అలలు, చివరికి అతి సన్నని గరుకు. మన కన్ను మెల్లని మార్పును బాగా పట్టుకుంటుంది, సన్నని గరుకులో తేడా వస్తే అంతగా గమనించదు. కాబట్టి చివరి సంఖ్యలను ధారాళంగా సున్నా చేసేయవచ్చు. రంగులనైతే వెలుగు నుంచి విడదీసి, చాలాసార్లు సగం వివరంతోనే దాచుకుంటుంది. పచ్చ నుంచి పసుపులోకి, పసుపు నుంచి కుంకుమ రంగులోకి మెల్లగా జారే మామిడి తొక్కకు ఇంతకంటే తగిన పద్ధతి లేదు. గీతలు అక్షరాలు ఉన్న పట్టికను ఇదే పద్ధతిలో దాస్తే అంచుల చుట్టూ దోమలు ముసిరినట్టు మరకలు వస్తాయి. పట్టికకు పీఎన్‌జీ, పండుకు జేపీజీ అని నేను ఎంచుకున్నది అందుకే.

ఆ అలల లెక్క పేరు డిస్‌క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. 1974 జనవరిలో అది అచ్చయిన పత్రం నాలుగే పేజీలు. రాసినవారు ముగ్గురు: నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. అహ్మద్ బెంగళూరులో పుట్టినవారు, అప్పటికి కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు. నటరాజన్ ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి. మూడో ఆయన కామిశెట్టి రామమోహనరావు, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ విభాగంలో ఆచార్యులుగా పనిచేశారు. ఇంటిపేరు చూడగానే మన ఊళ్ళ గాలి తగులుతుంది. ఈ ఆలోచనకు సాయం కోరుతూ 1972లో అక్కడి జాతీయ సైన్స్ సంస్థకు అహ్మద్ దరఖాస్తు పెట్టారు. డబ్బు రాలేదు. ఆలోచన మరీ తేలిగ్గా ఉందన్నట్టు పరిశీలకుల్లో ఒకరు అభిప్రాయపడ్డారని ఆయనే తర్వాత రాసుకున్నారు. అయినా వదల్లేదు. పత్రం అచ్చయిన పద్దెనిమిదేళ్ళకు, 1992లో, జేపీజీ ప్రమాణంగా వెలువడినప్పుడు దాని నడుమ ఉన్నది ఆ నాలుగు పేజీల లెక్కే. రావుగారు 1990లో పి. యిప్‌తో కలిసి దీని మీదే ఒక పుస్తకం రాశారు. మన ఇళ్ళలో వాట్సాప్‌లో తిరిగే పెళ్ళి ఫోటో, పిల్లల ఫోటో, బతుకమ్మ ఫోటో, దేన్ని తెరిచినా ఆయన చెయ్యి ఉంది. రావుగారి పేరు మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో చదివిన గుర్తు నాకు లేదు. అది నాకు బాధగానే ఉంటుంది.

హిమాయత్ ఫైల్‌ని మళ్ళీ పంపేముందు ఒక పని చేశాను. ఫోన్‌తో తీసిన ఫోటో 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు. పేజీలో దానికి నేనిచ్చిన చోటు 800, 600. ఇరవై ఐదు రెట్లు ఎక్కువ చుక్కలను ఊరికే మోయిస్తున్నాను. సిగ్నల్ తెగడానికి అంత బరువూ ఒక కారణమే. కుదించి పంపాను. ట్యాగ్‌లో వెడల్పు, ఎత్తు కూడా రాశాను. బ్రౌజర్లు ఆ రెండు సంఖ్యలతో బొమ్మ రాకముందే దానికి సరైన చోటు అట్టిపెడతాయి. చదువుతుండగా పంక్తులు ఎగిరి కిందికి జారవు.

సరిచేశాక కూడా నా ఫోన్లో పాతదే కనబడింది. బ్రౌజర్ తను దాచుకున్న కాపీ చూపిస్తోంది. దాన్ని తుడిచి తెరిస్తే పన్నెండూ వచ్చాయి.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ నాలుగు పగిలిన గుర్తుల పక్కనా ఒక్క మాట లేదు. బొమ్మ రానప్పుడు దాని బదులు చూపించే మాటలను ట్యాగ్‌లోనే రాయవచ్చు, ఆల్ట్ అంటారు. 1995లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలోనే అది ఉంది. చూపు లేనివాళ్ళకు పేజీ చదివి వినిపించే ప్రోగ్రాం చదివేదీ ఆ మాటలనే. నేను రాయలేదు. రాయకపోతే అలాంటి ప్రోగ్రాం చాలాసార్లు ఫైల్ పేరే చదువుతుంది. పన్నెండు బొమ్మలకూ కూర్చుని రాశాను. ‘మామిడిపండు ఫోటో’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. హిమాయత్ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వచ్చింది. చివరికి ఇలా రాశాను: ‘అరచేతి నిండా కూర్చున్న హిమాయత్, తొడిమ దగ్గర ఇంకా పచ్చ, కిందికి వచ్చేసరికి తేనె రంగు, పట్టుకున్న వేళ్ళకు జీడి మరకలు.’